చిక్కుల్లో పడ్డవాడి చిట్టా ఎవరు పట్టాలి?

కామర్సు విద్యార్థులం గనక మనకు మూడేళ్లలో చాలా సంగతులు చెబుతారు. జమా, ఖర్చు, తరుగుదల, భాగస్తుల ఖాతాలు, ఆఖరికి ఆడిటింగు పేపరు. కాని రేపు మనం ఒక గది అద్దెకు తీసుకుని, గుమ్మానికి బోర్డు తగిలించి కూర్చున్న మొదటి నెలలోనే ఎదురయ్యే ఒక ప్రశ్నకు ఏ పేపర్లోనూ జవాబు లేదు. ఆదాయపు పన్ను శాఖవారి నోటీసో, జీఎస్టీ అధికారుల సమనో చేతిలో పట్టుకుని, పాత అకౌంటెంటు వదిలేసిన వ్యాపారి ఒకడు గుమ్మంలో నిలబడి "నా కేసు పట్టండి సార్" అంటాడు. పట్టాలా, వద్దా?

బజారులో దీనికి రెండు జవాబులు వున్నాయి. మొదటిది: "అంటుకున్న ఇంట్లోకి ఎవడు పోతాడు? మంచి మాటలు చెప్పి పంపించెయ్." రెండోది: "చిక్కులో వున్నవాడే అడిగినంత ఇస్తాడు. పట్టు, కాని రెట్టింపు పట్టు." మొదటి జవాబు చెప్పేవారు తమను నిజాయితీపరులు అనుకుంటారు. రెండో జవాబు చెప్పేవారు తమను తెలివైనవారు అనుకుంటారు. ఈ రెండూ తప్పే అని నా అభిప్రాయం. కేసు పట్టాలి, కాని షరతుల మీద పట్టాలి. ఆ షరతులేమిటో, అవి ఎందుకు కావాలో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను మాదన్నపేట వాణ్ణి. సాయంత్రాలు అక్కడే ఒక అకౌంటెంటుగారి దగ్గర పద్దులు రాస్తాను. మా కూరగాయల మండీ సంగతి తెలిసినవారికి అక్కడి లెక్కల సంగతి కూడా తెలిసే వుంటుంది. తెల్లవారుఝామున మొదలై పొద్దెక్కేసరికి వేల రూపాయలు చేతులు మారతాయి. కచ్చా చిట్టీ మీద రాసింది సాయంత్రానికి చెత్తబుట్టలో వుంటుంది. చుట్టుపక్కల కిరాణా, ప్లాస్టిక్, పాత ఇనుము దుకాణాలు చాలావాటికి పేరుకు ఒక మునీమ్ వుంటాడు. పన్ను కాగితాలు మాత్రం వీధి చివర "టాక్సు కన్సల్టెంటు" చూసుకుంటాడు. వ్యాపారికి తెలిసిందల్లా ఏడాదికోసారి ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదివి చెప్పడమే.

నోటీసు ఎలా పుడుతుందో కూడా చూద్దాం. చిన్న వ్యాపారి అమ్మకాలమీద 8 శాతం లాభం చూపిస్తే పూర్తి పుస్తకాలు లేకపోయినా ఫరవాలేదనే పద్ధతి ఒకటి వుంది. డిజిటల్ వసూళ్లయితే 6 శాతం చాలు. పద్ధతి మంచిదే. కాని కన్సల్టెంటు అమ్మకాలు అడక్కుండా, తనకు తోచిన అంకె వేసి, దానిమీద 8 శాతం గుణిస్తాడు. అటు బ్యాంకు ఊరుకోదు. సేవింగ్సు ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, కరెంటు ఖాతాల్లో 50 లక్షలు నగదు దాటితే శాఖకు తెలియజేయాలని నియమం. ఇంకోవైపు 2017 జూలై 1న మొదలైన జీఎస్టీలో చూపిన అమ్మకాలు వున్నాయి. ఈ మూడు అంకెలూ ఒకదానితో ఒకటి కలవనప్పుడు నోటీసు రాక మానదు.

వచ్చిన నోటీసు ఎవరికి వస్తుంది? ఇదివరకు పోస్టుమేన్ దుకాణానికి తెచ్చేవాడు. 2020 తర్వాత ముఖాముఖి లేని అసెస్‌మెంటు వచ్చాక అంతా పోర్టల్లోనే. పోర్టల్లో వున్న ఈమెయిలు కన్సల్టెంటుది. పాస్‌వర్డు కూడా కన్సల్టెంటు దగ్గరే. అంచేత నోటీసు వచ్చినట్టు వ్యాపారికి తెలియనే తెలియదు. జవాబు రాలేదు గనక అధికారి తన దగ్గరున్న సమాచారంతో ఏకపక్షంగా పన్ను కట్టేస్తాడు. బ్యాంకు ఖాతా స్తంభించిన రోజున వ్యాపారికి మొదటిసారి తెలుస్తుంది. అప్పటికి కన్సల్టెంటు ఫోను స్విచ్చాఫ్.

మా ఆఫీసుకు అలా వచ్చిన ఒక పెద్దమనిషి మాటలు ఇంకా నా చెవుల్లో వున్నాయి. "గా పాతాయన ఫోన్ ఎత్తుతలేడు సార్. నాకేం ఎరుక? ఆయన నంబరు అడిగిండు, నేను చెప్పిన. ఇరవై ఏండ్లసంది ఒక్క రూపాయి ఎవనిది తినలె." మా సారు ఆయన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఆదాయం గురించి కాదు. "కాకా, పోర్టల్ల మెయిలు ఎవరిది ఉన్నది?" అని. ఆయన తెల్లమొహం వేశాడు. "పోర్టల్ అంటే ఏంది బిడ్డా?" అని నా వైపు తిరిగి అడిగాడు.

ఇలాంటి మనిషిని "పో" అనడం నిజాయితీ ఎలా అవుతుంది? ఆయన చూపలేని నగదుకు పడే పన్ను ఎంతో చూడండి. పెద్ద నోట్ల రద్దు జరిగిన 2016లోనే, ఆ డిసెంబరులో, వివరణ ఇవ్వలేని సొమ్ముమీద 60 శాతం పన్నూ, ఆ పన్నుమీద 25 శాతం సర్‌చార్జీ పెట్టారు. సెస్సు కాకుండానే నూటికి 75. ఆ తర్వాతి కేసులు ఎన్నో ఈ లెక్కమీదనే నడిచాయి. అమ్మకాల సొమ్మును అమ్మకాల సొమ్మే అని కాగితాలతో చూపించగలిగితే లాభంమీదే పన్ను. చూపించేవాడు దొరక్కపోతే, ఆ లెక్క ప్రకారం, మొత్తంమీద నూటికి 75 పడేది. ఈ తేడా దొంగకూ దొరకూ మధ్య తేడా కాదు, మనిషి దొరికినవాడికీ దొరకనివాడికీ మధ్య తేడా.

అయితే "వద్దు" అనేవారి వాదంలో పస లేదని నేను అనను. వకీలు హంతకుడి పక్షాన నిలబడితే ఎవరూ వకీలును హంతకుడు అనరు. మరి అకౌంటెంటును ఎందుకు అనుమానిస్తారు అని మనం అడగవచ్చు. కారణం వుంది. వకీలు తన కక్షిదారు చెప్పింది కోర్టుకు వినిపిస్తాడు, అది నిజమని తాను సంతకం చేయడు. అకౌంటెంటు సంతకం చేస్తాడు. "పుస్తకాలు చూశాను, సరిగా వున్నాయి" అన్న అతని మాటమీద బ్యాంకు అప్పిస్తుంది, ప్రభుత్వం నమ్ముతుంది. అంతేకాదు, కక్షిదారు వకీలుకు చెప్పుకున్న రహస్యానికి సాక్ష్య చట్టంలో రక్షణ వుంది. 1872 చట్టంలోనూ వుంది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ వుంది. అకౌంటెంటుకు అలాంటి రక్షణ లేదు. క్లయింటు సంగతులు ఊరికే బయటపెడితే చార్టర్డ్ అకౌంటెంటుకు వృత్తి దోషం కింద వస్తుంది. చట్టం అడిగితే మాత్రం చెప్పి తీరాలి.

కాబట్టి అకౌంటెంటు తలమీద రెండు టోపీలు వున్నాయి. ఒకటి, నోటీసుకు జవాబు చెప్పే ప్రతినిధి టోపీ. రెండోది, లెక్కలు సరిగా వున్నాయని ధ్రువీకరించే ఆడిటరు టోపీ. చిక్కుల్లో వున్నవాడి కోసం మొదటి టోపీ పెట్టుకోవడానికి వెనకాడనక్కర్లేదు. రెండోది మాత్రం తన కళ్లతో చూసినదానికే పెట్టుకోవాలి. మన బజార్లలో జరిగే అనర్థాల్లో సగం, ఈ రెండు టోపీలనూ ఒకేసారి పెట్టుకోవడం వల్లనే.

ఇక రెండో జవాబువారి సంగతి. "రెట్టింపు పట్టు" అనేవారు అసలు అమ్మేది లెక్క కాదు, ధైర్యం. నోటీసు వచ్చాక కొత్త చిట్టా రాయిస్తారు. గడిచిన ఏప్రిల్ నుంచీ ఒకే సిరాతో, ఒకే చేతి రాతతో, ఒక్క కొట్టివేత లేకుండా ఆవర్జా తయారవుతుంది. ఇవాళ రేపు అయితే కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పుతారు. ఈ పని ఎవరు చేస్తారు? బోర్డుమీద పేరున్న పెద్దమనిషి కాదు. మనమే. ఆర్టికిల్సు చేస్తున్నవాడు, పార్టుటైముగా పద్దులు రాసేవాడు. అందుకని ప్రతి కామర్సు విద్యార్థీ ఒక సెక్షను కంఠతా పట్టాలి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2004లో 277ఏ అని ఒకటి చేర్చారు. మరొకరు పన్ను ఎగ్గొట్టడానికి వీలుగా తెలిసి తెలిసి దొంగ పద్దు రాసినా, రాయించినా జైలు శిక్ష. ఆ మరొకడు నిజంగా పన్ను ఎగ్గొట్టాడని రుజువు కానక్కర్లేదు కూడా! 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి దీని స్థానంలోకి వచ్చేటట్టు నిర్ణయించారు. సెక్షన్ల నంబర్లు మారతాయి గాని, దొంగ పద్దు పుణ్యకార్యం అయిపోదు.

పెద్ద కంపెనీలవారికి ఇది వర్తించదనుకోకండి. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ లెక్కలు చూసిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ, విచారణ రాబోతున్నదని తెలిసిన 2001 చివరిరోజుల్లో, టన్నుల కొద్దీ కాగితాలు యంత్రంలో వేసి చీల్పించింది. 2002 జూన్‌లో కోర్టు దోషి అన్నది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాని గెలిచేనాటికి సంస్థ ఎక్కడుంది? క్లయింట్లు పోయారు, వేలమంది ఉద్యోగాలు పోయాయి. లెక్కలవాడికి పరువు ఒక్కటే పెట్టుబడి. అది పోయాక కోర్టు తిరిగి ఇప్పించలేదు.

మన హైదరాబాదు సంగతే తీసుకోండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మను రామలింగరాజు తానే ఉత్తరం రాసి, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. మాదన్నపేట నుంచి చంచల్‌గూడ జైలు నడిచిపోయేంత దూరం. ఆ నెలలో ఆ జైలు ముందు టీవీ బండ్లు బారులు తీరాయి. లోపల వున్నవారిలో కంపెనీ పెద్దలే కాదు, ఆ లెక్కలమీద సంతకం చేసిన ఆడిటర్లు కూడా వున్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం దోషులన్న 10 మందిలోనూ వున్నారు. తర్వాత వారు అప్పీలుకు వెళ్లారు, శిక్ష అమలు ఆగింది.

ఇదంతా అందరికీ తెలిసిన కథే. మనం గమనించవలసింది రెండో సగం. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు, ఉత్తరం బయటపడిన వారం రోజులకే, కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలను లెక్కల పనిమీద పిలిచింది. ఒకవైపు పోలీసులు, సెబీ, కంపెనీ వ్యవహారాలవారు కాగితాలు పట్టుకుపోతున్నారు. అలాంటి సమయంలో అంతటి మచ్చపడ్డ క్లయింటును వారు పట్టారు. అందరూ "మాకెందుకు" అనుకుని వుంటే 50 వేలకు పైగా ఉద్యోగుల గతేమిటి? 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. అయినా సరిచేసిన లెక్కలు బయటకు వచ్చేసరికి 2010 సెప్టెంబరు 29 అయింది. సుమారు 20 నెలలు! రాత్రికి రాత్రే కొత్త ఆవర్జా పుట్టించలేదు. పాత అబద్ధాన్ని అలాగే వుంచి, దాని పక్కన తమకు దొరికిన నిజాన్ని రాశారు. ఇది పన్ను కేసు కాదు, నిజమే. కాని విచారణ మధ్యలో క్లయింటును పట్టడం పాపం కాదనీ, పట్టే పద్ధతి ఒకటున్నదనీ చెప్పడానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ మన ఊళ్లో లేదు.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు పాత అకౌంటెంటుకు ఉత్తరం. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూలులో 8వ క్లాజు వుంది. ఇదివరకు వేరొక చార్టర్డ్ అకౌంటెంటు చేసిన ఆడిటు పదవిని, ముందుగా ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయకుండా ఒప్పుకుంటే అది వృత్తి దోషం. ఉత్తరం చేరినట్టు రుజువు కూడా చేతిలో వుండాలి. పాత ఆడిటరుకు తగాదా లేని ఫీజు బాకీ వుంటే, అది తీరేదాకా కొత్తవాడు ఆడిటు పట్టకూడదు. మనవాళ్లు దీన్ని మర్యాద కింద కొట్టిపారేస్తారు. "పోటీవాడికి నేను ఉత్తరం రాసేదేమిటి?" అంటారు. మర్యాద కాదు నాయనా, ఆత్మరక్షణ! పాతాయన ఎందుకు తప్పుకున్నాడు? వ్యాపారి దొంగ పద్దు రాయమంటే తప్పుకున్నాడా, తానే రాసి పారిపోయాడా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు మీద మిగతా కేసంతా ఆధారపడుతుంది. జవాబు రాకపోయినా, అడిగినట్టు కాగితం వుంటుంది.

అయితే ఇక్కడే ఒక చిల్లు వుంది. ఈ నియమం చార్టర్డ్ అకౌంటెంట్లకు, అదీ ఆడిటుకు. మా మండీలో పన్ను కాగితాలు పెట్టేవారు చాలామంది చార్టర్డ్ కాదు, వారి పని ఆడిటూ కాదు. వారిని ఏ షెడ్యూలూ కట్టిపడెయ్యదు. చట్టం లేనిచోట ఆచారం పుట్టాలి. ఆ ఆచారం పుట్టించవలసింది రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయే మనం.

రెండో మెట్టు కాగితాల జాబితా. వ్యాపారి తెచ్చిన సంచీలో ఏమున్నాయో, ఏ తేదీన తెచ్చాడో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. నోటీసు తేదీ దాటాక పాత పుస్తకంలో ఒక్క గీత గీయకూడదు. సవరణ కావాలంటే ఇవాళ్టి తేదీతో వేరే కాగితం మీద రాయాలి. ఇంకో సంగతి. 1961 చట్టం 133ఏ కింద సర్వేకు వచ్చిన అధికారికి "నా పుస్తకాలు మా అకౌంటెంటు దగ్గర వున్నాయి" అని వ్యాపారి చెబితే, ఆ సర్వే అకౌంటెంటు గదిదాకా రావచ్చు. అప్పుడు మన అలమార్లో వున్నది ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో చెప్పడానికి జాబితా తప్ప దిక్కు లేదు.

లిఖితపూర్వకమైన రుజువు విలువ మా పేటవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా పేట పేరు తానీషా మంత్రి మాదన్నది అంటారు. గోల్కొండ ఖజానా లెక్కలు చూసిన ఆయన, సోదరుడు అక్కన్నతో పాటు 1686లో హత్యకు గురయ్యాడు. వారి మేనల్లుడని చెప్పుకునే కంచర్ల గోపన్న, ప్రజల దగ్గర వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి ఖైదులో పడ్డాడు. మేనమామ మంత్రి అయినా లెక్క తేలలేదు. రామలక్ష్మణులే వచ్చి సొమ్ము చెల్లించారని కథ. ఆ కథలో నాకు నచ్చిన ముక్క సొమ్ము చెల్లించడం కాదు. చెల్లించి, తానీషా దగ్గర రశీదు రాయించుకుని మరీ వెళ్లడం! దేవుడికి తప్పని రశీదు మనకు తప్పుతుందా?

మూడో మెట్టు ఫీజు. "పన్ను ఎంత తగ్గిస్తే అందులో ఇంత వాటా" అనే బేరం చార్టర్డ్ అకౌంటెంటుకు అదే షెడ్యూలు 10వ క్లాజు కింద నిషేధం. దీనికి ఒక ఎదురు వాదం వుంది: చేతిలో డబ్బులేని వ్యాపారికి గెలిచాక ఇచ్చే పద్ధతే సులువు కదా అని. సులువే. కాని వాటా ఒప్పుకున్న రోజు నుంచీ అకౌంటెంటు కూడా ఆ దుకాణంలో భాగస్తుడే. ఫలితం తగ్గితే తన కూడు తగ్గుతుంది. అలాంటి కన్ను పద్దును పద్దుగా చూడదు. ఇక "ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య" అన్న సామెత ఊరికే పుట్టలేదు గనక, ఫీజు ముందే తేల్చుకుని, కాగితం మీద పెట్టుకుని, వాయిదాల్లో తీసుకోవాలి. బీదవాడికి కావలసింది వాయిదా, వాటా కాదు.

నాలుగోది, వ్యాపారి మొదటి మాట విప్పకముందే అతనికి ఒక మాట చెప్పాలి. "కాకా, మీరు చెప్పింది నా కడుపులో దాచుకుంట. కాని చట్టం అడిగితే దాచలేను. దొంగతనం లాంటిది ఏమన్న ఉంటే ముందు వకీలు సాబ్ దగ్గరికి పోండి." ఈ మాట చెబితే క్లయింటు పారిపోతాడని భయం. కొందరు పారిపోతారు. పారిపోయినవాడు ఎవడో మనకు అప్పుడే తెలిసిపోతుంది, అది లాభమే కదా.

అయిదోది, పోర్టల్లో మెయిలూ, ఫోను నంబరూ మొదటిరోజే వ్యాపారివి పెట్టించాలి. ఇంట్లో చదువుకున్న కొడుకో కూతురో వుంటే వారికి నేర్పాలి. వ్యాపారిని గుడ్డివాడిగా వుంచి తాళంచెవి మన దగ్గర వుంచుకోవడం సేవ కాదు, కట్టుబానిసగా చేసుకోవడం.

నేను గౌరవించే ఒక సీనియరు ఈ షరతులన్నీ విని నవ్వాడు. "నూతిలో పడ్డవాణ్ణి తీయబోతే నువ్వు కూడా పడతావు తమ్ముడూ" అన్నాడు. నిజమే, ఊరికే దూకితే పడతాం. అందుకే నూతిలో దిగేవాడు ముందు నడుముకు మోకు కట్టుకుంటాడు. పైన చెప్పిన అయిదూ ఆ మోకుకు పేనిన పోగులు. మోకు లేకుండా దూకేవాడూ తెలివిలేనివాడే, మోకు చేతిలో వుండి గట్టుమీద నిలబడి చూసేవాడూ మనిషి కాడు.

శాఖవారికి కూడా ఒక విన్నపం. విచారణ మధ్యలో అకౌంటెంటు మారిన వ్యాపారి గడువు అడిగితే, అది తప్పించుకునే ఎత్తు అని ముందే అనుకోవద్దు. కొత్తవాడు సంచీ విప్పి చూడటానికే వారం పడుతుంది. తొందరలో వచ్చిన జవాబు తప్పుల తడక అయితే శాఖకు కూడా ఒరిగేది లేదు.

చివరిగా మన యూనియను పెద్దలకు ఒక సూచన. ఏటా మనం వార్షికోత్సవం చేస్తున్నాం, నాటకాలు వేస్తున్నాం, ఈ సంచిక తెస్తున్నాం. మంచిదే. వచ్చే ఏడాది నెలకొక ఆదివారం, మన ఆఖరి సంవత్సరం విద్యార్థులు పదిమంది, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో, మాదన్నపేట మండీ దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. రిటర్నులు మనం వెయ్యవద్దు, సలహాలు అమ్మవద్దు. దుకాణదారు ఫోనులో అతని పోర్టల్ తెరిచి, ఏ నోటీసు వున్నదో, ఎవరి మెయిలు వున్నదో, గడువు ఎప్పుడో చదివి వినిపిద్దాం. అంతే. ఒక్క గడువు తప్పకుండా కాపాడినా ఒక దుకాణం నిలబడుతుంది.

లెక్కలు నేర్చినవాడు మచ్చలేని క్లయింట్లనే ఏరుకుంటానంటే, జబ్బులేని రోగులనే చూస్తానన్న వైద్యుడి మాటలా వుంటుంది. జబ్బుపడ్డవాణ్ణే చూద్దాం. కాని జబ్బును ఆరోగ్యం అని మాత్రం రాసివ్వవద్దు.